సుబ్బారావు చెప్పని చిట్కా

ఆటోనగర్‌లో డీజిల్ పంపుల మరమ్మతు అంటే ఎవరైనా వెంకటసుబ్బారావు షెడ్డే చూపిస్తారు. ట్రాక్టరు మొరాయించినా, ఆయిలింజను ఆగిపోయినా, పంపు విప్పి బల్ల మీద పెట్టి కాసేపు చూశాడంటే జబ్బేమిటో చెప్పేస్తాడు. అలా చెబుతుంటే భార్య కనకలక్ష్మి ఫోన్లో వీడియో తీసి నెట్‌లో పెట్టేది. నెలకు రెండు. కింద జనం అడిగినవాటికి ఆయనే తీరిగ్గా ఒక్కొక్కరికీ జవాబు రాసుకునేవాడు.

అక్క కొడుకు సిద్ధార్థ అది చూసి తల పట్టుకున్నాడు.

"మావయ్యా, అన్నీ నువ్వే చేస్తానంటే ఇది ఇక్కడే ఉండిపోద్ది. పని పంచాలి. కొంత మనుషులకి, కొంత మిషన్లకి."

గవర్నర్‌పేటలో ఓ లాడ్జి పై అంతస్తులో గది తీసుకున్నాడు. వీడియోల్లో చెప్పాల్సిన మాటలు రాసేవాళ్లు ఎవరి ఊళ్లో వాళ్లుండి రాసి పంపుతారు. జనం అడిగినవాటికి జవాబులు కంప్యూటరే ఇస్తుంది. సుబ్బారావు చేయాల్సిందల్లా రెండు రోజులు కూర్చుని, ఇచ్చిన కాగితాలు పైకి చదవడం. ఆ గొంతు పట్టుకుని, ఇకమీదట ఏం రాసిచ్చినా కంప్యూటరు అచ్చం ఆయనలాగే మాట్లాడుతుందట. చదివి వచ్చాడు. అప్పటినుంచి రోజుకో వీడియో రాసాగింది. చూసేవాళ్లు లక్షలయ్యారు. ఆయన మాత్రం పనిలో పడి వాటిని చూడడం మానేశాడు.

ఏడు నెలల తర్వాత ఒక ఉదయం, లక్ష్మీకాంత్ అనే రైతు మైలవరం నుంచి మామిడికాయల బుట్టతో షెడ్డుకు వచ్చాడు.

"మీరు చెప్పినట్టే చేశానండీ. ట్రాక్టరు అరగంటకోసారి ఆగిపోయేది. పంపు విప్పాల్సిందేనన్నారు అందరూ. మీ వీడియో చూసి, డీజిలొచ్చే రబ్బరు గొట్టం తీసేసి, తాపీ మేస్త్రీలు మట్టం చూసే లెవెల్ పైపు ఉంటది చూడండి, ఆ అద్దంలాంటిది తగిలించాను. ఒక్క బుడగ రాలా. ఇంజనూ ఆగలా. అంటే గాలి పీల్చేది ఆ పాత గొట్టమేనన్నమాట!"

ముప్పయ్యేళ్లుగా సుబ్బారావు ముందుగా పంపే విప్పేవాడు. లెవెల్ పైపుతో చూడొచ్చన్న ఊహే ఎన్నడూ రాలేదు. అయినా తల ఊపాడు.

"మీ నాన్నగారు గొప్పోరండీ," అంటూ లక్ష్మీకాంత్ సెలవు తీసుకున్నాడు.

నాన్నగారా? మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లి ఆ వీడియో వెతికి పెట్టాడు. "పంపు మీద చెయ్యేసే ముందు ఇది చూడండి. మా నాన్న నేర్పిన చిట్కా. ఆయన సైకిలుకి ఎప్పుడూ రెండు మూరల లెవెల్ పైపు చుట్టి ఉండేది." గొంతు తనదే. ఆ సాగదీతా తనదే. కానీ తండ్రి వరీ మినుములూ పండించినవాడు. ఇంజను స్టార్టు చేయాలన్నా పక్కచేనివాణ్ణి కేకేసేవాడు.

"మా నాన్నకి సైకిలుండేదా?" అని భార్యను అడిగాడు.

"మావయ్యగారికి సైకిలు తొక్కడమే రాదు కదండీ! మీకేమైంది ఇవాళ?"

అన్నం సగంలో వదిలేసి గవర్నర్‌పేట వెళ్లాడు. సిద్ధార్థ కంప్యూటర్లో వెతికాడు.

"మార్త అనే అమ్మాయి రాసింది మావయ్యా. కంకిపాడు దగ్గర ఏదో ఊరు. మనిషిని నేనూ చూళ్లేదు."

"రాసింది నిజమో కాదో ఎవరు చూస్తున్నార్రా?"

"నువ్వు చూస్తున్నావనుకున్నా."

"నేను నువ్వు చూస్తున్నావనుకున్నా."

సిద్ధార్థ మార్తకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"తప్పు రాశానా సార్?" అంది మార్త.

"లేదమ్మా, ఒప్పే రాశావు. అదే అర్థం కావట్లా. ఆ నాన్న ఎవరు?"

"మా నాన్నేనండీ, పాల్ గారు. కాలవల మీద ఆయిలింజన్లు బాగుచేసేవారు. మామూలుగా 'మా నాన్న' అని రాసేశాను. మీ గొంతులో అది మీ నాన్నగారైపోద్దని తోచలేదండీ. నేను టైపింగ్ పని చేస్తానని మాత్రమే ఆయనకి తెలుసు, మీకు రాస్తానని..."

అంతలో అవతల ఫోన్ చేతులు మారింది.

"నమస్కారం సుబ్బారావు గారూ! నేను పాల్‌ని. మీ వీడియోలు రోజూ చూస్తాను. మీ నాన్నగారూ సైకిలుకి లెవెల్ పైపు చుట్టుకునేవారంటగా? ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే అనుకున్నాను సార్. ఆయనది ఏ ఊరండీ?"

సుబ్బారావు మేనల్లుడి వంక చూశాడు. మేనల్లుడు ఫ్యాను వంక చూశాడు.

"మా నాన్న ఇంజన్ల జోలికే పోలేదు పాల్ గారూ. అది మీ గురించే. మీ అమ్మాయి రాసింది, నా గొంతు చదివింది. నాకూ ఇవాళే తెలిసింది."

అవతల పాల్ కూతుర్ని ఏదో అడిగి మళ్లీ ఫోన్లోకి వచ్చాడు.

"అంటే నా మాటే నేను విన్నానా సార్?"

"అంతే అనుకుంటా."

గురువారం తండ్రీ కూతుళ్లు బస్సులో ఆటోనగర్ వచ్చారు. కనకలక్ష్మి మళ్లీ ఫోన్ పట్టుకుంది. ఈ చిట్కా పాల్ గారిదనీ, తనకు తెలియదనీ సుబ్బారావు స్వయంగా చెప్పాడు. పాల్ పైపు తగిలించి చూపించాడు.

మర్నాటికల్లా ఆ వీడియో కింద జనం రాశారు: 'సార్ గొంతు తేడాగా ఉంది.' 'ఎవరో డూప్లికేట్. మా పాత సుబ్బారావు గారు కావాలి.' ప్రతిదానికీ కంప్యూటరు ఆయన పేరుతోనే జవాబిచ్చింది: 'మీ సూచనకు ధన్యవాదాలు. తప్పక సరిచేసుకుంటాం.'

సుబ్బారావు అప్పటికప్పుడు ఆ జవాబులు ఆపించాడు. ఇకమీద రాసినవాళ్ల పేరు వేయాలన్నాడు, తాను వినకుండా ఏదీ బయటికి పోకూడదన్నాడు. అలాగైతే వారానికి రెండు వీడియోలు మించి రావని సిద్ధార్థ గొణిగాడు. రాకపోతే పోనీ అన్నాడు సుబ్బారావు.

తర్వాత తానే కూర్చుని, 'బాబూ, నేనే అసలు సుబ్బారావుని' అని రాశాడు. చదువుకుంటే డూప్లికేటువాడు రాసినట్టే ఉంది. చెరిపేసి మార్తకు ఫోన్ చేశాడు.

"వీళ్లకి ఏం రాయాలో నువ్వు చెప్పమ్మా."

"రాస్తానండీ," అంది మార్త. కాసేపు ఆగి అడిగింది: "మీలాగా రాయమంటారా సార్, నాలాగానా?"

"ముందు నేనెలా ఉంటానో విని చెప్తానమ్మా," అంటూ సుబ్బారావు కనకలక్ష్మి తీసిన పాత వీడియో ఒకటి వెతికి పెట్టాడు.