చేతి నీడ

పొద్దున్నే బియ్యం కడిగే ముందు, ఫొటో మందుల వాసన పోవాలని కరుణ చేతుల్ని మూడుసార్లు సబ్బుతో రుద్దుకునేది. అయినా అత్తగారు సామ్రాజ్యం అన్నం ముద్దని ముక్కు దాకా తెచ్చుకుని, "ఏంటమ్మాయ్, పప్పులో ఫొటోలేమన్నా పడ్డాయా?" అని నవ్వేది. భర్త బర్నబాస్‌కి రేపల్లెలో ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళకీ బాప్తిస్మాలకీ కెమెరా మెడలో వేసుకుని వెళ్ళేది ఆయన. వంటింటి వెనక చీకటి గదిలో, ఎర్ర బల్బు కింద ఆ ఫొటోలు కడిగేది కరుణ. పెళ్ళయిన ఏడాది, 1984లో, "కాస్త సాయం చెయ్యి" అన్న మాటతో మొదలైన పని.

ఆ గదంటే ఆమెకి ఇష్టం. కూర తరగమని అక్కడికొచ్చి ఎవరూ పిలవలేరు, తలుపు తీస్తే కాగితం పాడైపోతుంది మరి. లోపలికెళ్ళి ముందు ప్రార్థన చేసుకునేది. మందు నీళ్ళలో తెల్ల కాగితం మీద ఒక మనిషి మెల్లగా తేలుతుంటే, సృష్టి చేసిన ఆరు రోజులూ దేవుడికి కూడా ఇలాగే గుండె కొట్టుకుందా అనుకునేది. అనుకుని నాలిక కరుచుకునేది. వల ముక్క కాగితం మీద పరిచి వెలుగు వేసి చూసింది. తమలపాకు ఈనెల్ని ఒక పాప చెంప మీదికి తెచ్చింది. రెండు నెగెటివ్‌లు కలిపి, ఎన్నడూ పక్కపక్కన నిలబడని ఇద్దర్ని ఒకచోట నిలబెట్టింది. వెలుగుకి అడ్డంగా చెయ్యి ఆడించి, ముఖం మీద ఎంత నలుపు కావాలో అంతే పడనిచ్చేది. బర్నబాస్ చూసి, "కాగితాలు తగలేస్తున్నావే" అనేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం, "మన పనితనం అట్టా ఉంటదండి" అంటూ ఫొటో వెనక తన పేరున్న రబ్బరు ముద్ర గుద్దేవాడు. చెడ్డవాడేం కాదు. ఆదివారం ఆరాధనలో అందరికంటే గట్టిగా పాడతాడు. ఆ ముద్ర చప్పుడు ఆమెకి ఎక్కడ తగులుతుందో ఆయనకి తెలియదు, అంతే.

1998లో తెనాలి పున్నారావు తన కలర్ ల్యాబులోకి కంప్యూటరు తెచ్చాడు. "బర్నబాస్ అన్నా, ఫొటోలు అతకడంలో నిన్ను మించినోడు లేడంటగా. ఒకసారి చేసి చూపించు. కుదిరితే రోజూ వద్దువుగాని" అని కబురు పెట్టాడు. చేసి చూపించడానికి నిజాంపట్నం కొండమ్మ పని ఉండనే ఉంది. ఆమె భర్త సముద్రం మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. కూతురి పెళ్ళి ఫొటోలో ఆయన్ని నిలబెట్టాలి. ఉన్నదల్లా పడవ మీద పదిమంది దిగిన ఫొటో, అందులో ఆయన ముఖం గోరంత. దగ్గరుండి చూస్తానని కొండమ్మ కూడా రైలెక్కింది. టిఫిన్ క్యారియర్ పట్టుకుని కరుణా వాళ్ళ వెంట నడిచింది. దారి పొడుగునా ఆమెకి ఒకటే ఆలోచన. రోజూ రమ్మన్న ఆ మాట తనకి రావలసింది. కానీ వెళ్ళేది ఆయన.

ల్యాబులో బర్నబాస్ మౌస్‌ని బల్ల అంచుదాకా లాగి, "ఇక చోటు లేదయ్యా, బల్ల చిన్నది" అన్నాడు.

"ఎత్తి మళ్ళీ పెట్టన్నా!" అన్నాడు పున్నారావు.

స్టూడియోకి వచ్చిన ప్రతి మగవాడికీ గోడ మేకుకి తగిలించిన కోటు తొడగడం ఆయన అలవాటు. కంప్యూటర్లో తయారుగా ఉన్న కోట్లు చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. గంటసేపు చెమటోడ్చి, జాలరి మెడకి టై కూడా కట్టాడు.

కొండమ్మ తేరిపార చూసింది. "ఈ దొరెవరయ్యా?"

"మీ ఆయనేనమ్మా. మర్యాదగా ఉంటదని కోటేశాం."

"మా మావ చొక్కాకే గుండీ పెట్టుకోనోడు. ఈయన్ని పక్కనెట్టుకుంటే, ఎవరే అమ్మా ఈయన అని నా కూతురే అడుగుద్ది!"

అందరితోపాటు బర్నబాస్ కూడా నవ్వాడు. కరుణ క్యారియర్ కింద పెట్టింది. "లెగండి, నేను చూస్తాను."

"కంప్యూటర్ గురించి నీకేం తెలుసే?"

"మీకు తెలిసినంత నాకూ తెలుసండి."

ముదురు చేసేదేదో, లేత చేసేదేదో పున్నారావుని అడిగి తెలుసుకుంది. తెర మూల, ముదురు చేసే చోట, చిన్న చెయ్యి బొమ్మ ఉంది. కరుణకి నవ్వొచ్చింది. తెలిసిన చెయ్యే! కోటు తీసేసింది. పందిట్లో వెలుగు కుడి నుంచి, పడవ మీద ఎండ ఎడమ నుంచి. ముఖాన్ని అద్దంలోలాగా కుడి ఎడమలు తిప్పితే గాని అతకదు, తిప్పితే పాపిడి మారిపోతుంది. "కొండమ్మక్కా, ఆయన పాపిడి ఎటు?"

"పాపిడా? సముద్రం గాలి ఎటు తోస్తే అటు."

తిప్పేసింది. రెండు గంటల తర్వాత, గుండీ లేని చొక్కాతో, కూతురి వెనక ఎండకి కళ్ళు చికిలించి ఆయన నిలబడ్డాడు. కొండమ్మ తెర మీద వేలు పెట్టి, "వచ్చావా మావా" అంది.

పున్నారావు బర్నబాస్ వైపు తిరిగాడు. "అన్నా, ఇంతకాలం అతికింది ఎవరు?"

"మేమే... ఇద్దరం కలిసి..."

"నేనే అన్నయ్యా," అంది కరుణ. గొంతులో కోపం లేదు. "పద్నాలుగేళ్ళుగా."

బర్నబాస్ ఫ్యాను వంక చూశాడు. "అవును, అదే చేసింది" అన్నాడు.

"అయితే రోజూ రావలసింది నువ్వేనమ్మా," అన్నాడు పున్నారావు.

స్టేషన్లో బర్నబాస్ టికెట్ల కిటికీ ముందు నిలబడి "రెండు రేపల్లె" అన్నాడు.

"ఒకటే తీసుకోండి," అంది కరుణ. "నాకు నెల సీజన్ టికెట్ కావాలి."

"సీజనా? రోజూనా? మరి ఇల్లు?"

"మీరూ అత్తయ్యా ఉన్నారుగా."

లోపల గుమాస్తా ఫారం అందుకుని, అలవాటు కొద్దీ బర్నబాస్‌నే అడిగాడు. "పేరేంటండి? ఏం పని?"

బర్నబాస్ ఒకడుగు పక్కకి జరిగి భార్యకి చోటిచ్చాడు.

"కరుణ," అందామె కిటికీలోకి వంగి. "ఫొటోగ్రాఫర్‌ని."