హేరోదుకు కొట్టిన చప్పట్లు

మేము చప్పట్లు కొట్టాం. ముందు ఆ మాట చెప్పి మిగతాది చెబుతాను.

మాది బట్టలుతికే ఫ్యాక్టరీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ పక్కబట్టలు మూటలు మూటలుగా వస్తాయి. తడి దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని ఇస్త్రీ రోలరుకు అందిస్తే, అవతలి పక్కకు ముడత లేకుండా పొగలు కక్కుతూ వస్తుంది. రోలరు ముందు ఒక ఇనుప కమ్మీ ఉండేది. చెయ్యి తగిలితే మిషను ఆగిపోయేది. మాటిమాటికీ ఆగుతోందని యజమాని దాన్ని ఊడదీయించాడు. ఆ వారమే నా జోడీగా పనిచేసే పిల్ల, మేం పొట్టిది అని పిలిచేదాని కుడిచెయ్యి దుప్పటితో పాటు లోపలికి పోయింది. దుప్పటి రెండో కొస పట్టుకున్నది నేను.

మర్నాడు పొద్దున్నే అందరినీ ఆవరణలో నిలబెట్టారు. లారీలకు సరుకెక్కించే అరుగు మీదికి యజమాని ఎక్కాడు. తెల్లటి సూటు. మేము ఉతికి ఇస్త్రీ చేసిందే. ఎండ పడి మెరిసిపోతున్నాడు.

"ఆ పిల్ల పరధ్యానం వల్ల జరిగింది. అయినా నేనెవర్నీ పనిలోంచి తీసెయ్యను. మీకు తండ్రిలాంటివాణ్ణి. నేనున్నంతకాలం మీ పొయ్యి వెలుగుతుంది."

సూపర్‌వైజరు చెయ్యెత్తాడు. కొట్టాం. బాగా కొట్టాం. కూతురి చెప్పులు తీసుకెళ్దామని వచ్చిన పొట్టిదాని తల్లి గేటు దగ్గరే ఆగిపోయింది. మా ముఖాలు చూడలేదు. చేతులు చూసింది.

ఆసుపత్రికి పాలు తీసుకెళ్ళాను. పొట్టిది నన్ను తిట్టలేదు. కట్టు కట్టిన మొండిచేతిని దిండు మీద పెట్టుకుని, "గట్టిగా కొట్టారటగా అక్కా" అంది, అంతే. గ్లాసు ఏ చేతికివ్వాలో తెలియక నిలబడిపోయాను.

అన్నాల వేళ, ఆరబెట్టే గదిలో మేం కొందరం బైబిలు చదువుకుంటాం. చదివేది నేను. మా ఆయన పోయాక నేర్చుకున్న అక్షరాలు. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతాను. ఆ రోజు హేరోదు రాజు సంగతి వచ్చింది. రాజవస్త్రాలు తొడుక్కుని ఎత్తున కూర్చుని మాట్లాడాడు. ఇది మనిషి గొంతు కాదు, దేవుడి గొంతు అని జనం కేకలేశారు. కాదనకుండా ఆ పొగడ్త తనే ఉంచుకున్నాడు. దేవదూత మొత్తితే పురుగులు పడి చచ్చాడు.

"పడాలి! మనవాడికీ పడాలి" అన్నాడు బాయిలరు నడిపే మామ, ముద్ద చేత్తో పట్టుకుని. "అంతా ఆ దేవుడే చూసుకుంటాడు. మనం ప్రార్థన చేసుకుంటూ కూర్చుందాం."

"కూర్చో, కూర్చో. నీకొచ్చిన పని అదొక్కటేగా!" బట్టలు మడతపెట్టే పెద్దమ్మ దెప్పింది. "ఏమే, ఆ కేకలేసినోళ్ళు ఎవరే? పైన ఏదో చదివావు. మళ్ళీ చదువు."

వెనక్కి వెళ్ళి వెతికాను. ఆ కేకలేసినవాళ్ళ ఊళ్ళకు తిండి ఆ రాజు దేశం నుంచే రావాలి. వాళ్ళ మీద రాజుకు కోపమొచ్చింది. అందుకని కాళ్ళబేరానికొచ్చారు.



"మనమేగా" అంది పెద్దమ్మ.

"మరి వాళ్ళనేం చేశాడు దేవుడు?" అన్నాడు మామ.

"ఏమీ రాయలేదు మామా."

"వదిలేశాడంటావా?"

"వదిలేశాడో, మళ్ళీ నోరు తెరిస్తే ఏమంటారో చూద్దామనుకున్నాడో" అంది పెద్దమ్మ. "ఆయన వాణ్ణి కిందికి లాగుతుంటే మనం భుజాలిచ్చి పైకెత్తుతున్నాం. ఇక ప్రార్థన దేనికి?"

"నీకేం పెద్దమ్మా, ఒంటిదానివి" పొట్టిదాని బదులు రోలరు దగ్గర చేరిన కొత్తమ్మాయి కసిరింది. "కొట్టకపోతే బయటికి తోస్తాడు. నాకు పిల్లలున్నారు."

"పొట్టిది నిలబడిన చోటే నిలబడుతున్నావమ్మా నువ్వు" అన్నాను. అన్నాక సిగ్గేసింది. ఆ నోరు అరుగు ముందు ఏమైంది? కొత్తమ్మాయి మాత్రం తన కుడిచెయ్యి చూసుకుంది.

చాలాసేపు వాదులాడుకుని ఒక మాట అనుకున్నాం.

పొట్టిది ఆసుపత్రి నుంచి వచ్చాక, ప్రమాదం ఎలా జరిగిందో తేల్చడానికి ప్రభుత్వ అధికారి వచ్చాడు. తప్పు పొట్టిదానిదేనని రాసుకుపోతే తల్లీకూతుళ్ళు కంపెనీ ఇచ్చిన గదిలోంచి వీధిన పడతారు. కమ్మీ ఇక తిరిగిరాదు. మళ్ళీ అందరం ఆవరణలో. పొట్టిది తల్లి భుజం పట్టుకుని వచ్చి మా వరసలోనే నిలబడింది.

"కమ్మీ తీసింది ఆ పిల్లేనండీ" అన్నాడు యజమాని అరుగు మీంచి. "వీళ్ళంతా నా బిడ్డలు. వీళ్ళనే అడగండి."

సూపర్‌వైజరు చెయ్యెత్తాడు.

పెద్దమ్మ కుడిచెయ్యి వెనక్కి మడిచి నడుముకు ఆనించుకుంది. తర్వాత నేను. బాయిలరు మామ. వరస వెంట ఒక్కొక్కరే. అందరికన్నా ఆఖర్న కొత్తమ్మాయి.

"కొట్టరేం?" అన్నాడు యజమాని. చప్పట్లు లేకపోతే అదెంత చిన్న గొంతో! తడారిపోయిన మామూలు మనిషి గొంతు.

"మాకు ఒక్క చెయ్యే ఉందయ్యా" అంది పెద్దమ్మ. "రెండోది మీ రోలరు తినేసింది."

"కమ్మీ తీయించింది ఈయనే" అని అధికారితో అన్నాను. "నా కళ్ళతో చూశాను. అది బిగించేదాకా రోలరు తిరగదు."

బాయిలరు మామ అప్పటికే వెళ్ళి ఆవిరి కట్టేశాడు. ఫ్యాక్టరీ మూగబోయింది.

పని ఆపించామని పోలీసులు పెద్దమ్మనూ, మామనూ, నన్నూ వ్యానెక్కించారు. వ్యాను కదిలాక వెనక ఇనుప గేటు మోగింది. తొంగిచూశాను. పొట్టిది ఎడమ అరచేత్తో బాదుతోంది. దెబ్బదెబ్బకూ పక్కన మరో ఎడమచెయ్యి చేరుతోంది. కొత్తమ్మాయిదీ చేరింది. వీధి మలుపు దాటినా వినపడుతూనే ఉంది.

పెద్దమ్మ నవ్వింది. నేను తలెత్తలేకపోయాను. ఆ గేటు మొదటి రోజే మోగాల్సింది.