సమజయ్యేదాక

“మేకు నీళ్ళల్ల మునుగుతదట, ఓడ తేల్తదట,” అంది తృప్తి, ఒళ్ళో ఉన్న ఇంగ్లీషు సైన్సు పుస్తకం మీద వేలు పెట్టి.

మంగళవారం మధ్యాహ్నం. వెనక వాకిట్లో టబ్బు ముందు పీట వేసుకుని అంట్లు తోముతున్న స్వరూప, పుంటికూర పప్పు అంటిన గంజును కడిగి నీళ్ళ మీద వదిలింది. గంజు అటూ ఇటూ ఊగి తేలింది.

“మేకెంత, గీ గంజెంత? బరువున్నదే మునగాలె గద. మరి ఇదెట్ల తేల్తాంది? నాకు సమజ్ కాలే. మల్ల చెప్పు.”

“అదేనమ్మా. గంజు నీళ్ళల్ల కూసున్నప్పుడు ఎన్ని నీళ్ళను పక్కకు జరుపుతదో…”

“ఏయ్, చాయ్ పెట్టు. పన్నెండు మంది వచ్చిండ్రు,” ముందు గదిలోంచి సుధాకర్ కేక.

స్వరూప చెంగుకు చేతులు తుడుచుకుని లేచింది. గంజు టబ్బులో అలాగే తేలుతూ ఉండిపోయింది.

పన్నెండు మంది అంటే పన్నెండు కప్పులు కాదు. ఇద్దరికి చక్కెర లేకుండా, ఒకాయనకు అల్లం దంచి వేసి, అరగంటకు అందరికీ మరోసారి, ఆ తర్వాత కప్పులన్నీ తోమడం. తూంకుంటలో జొన్నలు పండిన తాతల పొలం ప్లాట్లుగా మారినప్పటి నుంచి సుధాకర్ వెంచర్లు వేస్తున్నాడు. ఈసారి వార్డు ఎన్నికల్లో నిలబడాలని కూడా ఉంది. అందుకని ఏ వేళలోనైనా మనుషులు వస్తారు, పొయ్యి మండుతూనే ఉంటుంది. స్వరూప మళ్ళీ వాకిట్లోకి వచ్చేసరికి ఎండ వాలిపోయింది, పుస్తకం మూసి ఉంది. గోడకానుకుని వక్కలు కొరుకుతున్న అత్త నర్సమ్మ ఆమె కోసమే చూస్తున్నట్టు అంది. “తల్లి బిడ్డకు చెప్తాందో, బిడ్డ తల్లికి చెప్తాందో నాకైతే తెల్వది పిల్లా. అంట్ల కాడ ముచ్చట్లు వెట్టుడు సదువెప్పటిసంది అయింది?”

స్వరూప బుధవారం బడికి పంపాల్సిన కాగితం తీసి స్టూలు మీద పెట్టుకుంది. వారమంతా ఇంట్లో చదువుకునే పిల్లలు ఆ ఒక్కరోజు శామీర్‌పేట దాటాక ఉన్న ఒక అద్దె ఇంటికి చేరతారు. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా నలభై మంది. ప్రయోగాలూ పరీక్షలూ అన్నీ ఆ రోజే. మిగతా రోజులు ఇంట్లో ఏం పాఠం, ఎన్ని గంటలు చెప్పారో రాసి, ‘ఇంటి టీచర్’ అన్నచోట సంతకం పెట్టి పంపాలి. తృప్తి కాగితంలో ఆ చోట సుధాకర్ పేరు ఉంటుంది, పక్కన డిగ్రీ అని ఉంటుంది. సంతకం మాత్రం స్వరూప చేస్తుంది.

చేర్పించిన రోజే చెప్పాడాయన. “నువ్వు పదో తరగతి, అది గూడ లెక్కల తప్పినవ్. నీ పేరు రాస్తే నవ్వుతరు. నా పేరు రాయించిన, సంతకం నువ్వే గీకు. వారం వారం నాకు గదే పనా?” పాత పేపరు మీద రెండు రోజులు గీసి గీసి ఆయన పేరు కింద గీత ఎటు తిరుగుతుందో నేర్చుకుంది. ఇప్పటికీ ప్రతి మంగళవారం ఆ గీతను ముందు పాత పేపరు మీద ఒకసారి గీసి చూసుకుంటుంది. దొంగ సంతకానికి ఎన్నేళ్ళు జైలో ఆమెకు తెలియదు. ఎవరినైనా అడిగితే ఎందుకడుగుతున్నావని అంటారేమో. గేటు ముందు బండి ఆగితే చాలు, పోలీసులే అనుకుంటుంది. బడివాళ్ళ నుంచి ఫోనొస్తే పిల్ల పేరు కొట్టేశారనుకుంటుంది. ఆమె సొంత సంతకంతో ఆయనకు పనిపడేది రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే. ఆమె పేరున పెట్టిన ప్లాటు అమ్మేటప్పుడు, ఆయన వేలు ఆనించిన చోటల్లా సంతకం పెట్టి వస్తుంది. ఆ ప్లాటు ఎక్కడుందని ఒక్కసారి అడిగింది. “చెప్తే సమజైతదా నీకు?” అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఈ బడికి ముందు, మూడేళ్ళ కిందట తృప్తిని హాస్టల్లో వేసిందీ ఆయనే. ఆరు నెలలకు, పిల్లకు జ్వరమని ఫోనొస్తే స్వరూప వెళ్ళి తెచ్చుకుంది. తల దువ్వుదామని జడ విప్పితే కుడి చెవి వెనక అరచేయంత మేర వెంట్రుకల్లేవు. రాత్రిళ్ళు ఒక్కొక్కటీ తనే పీక్కునేదట, ఆ సంగతి పక్క మంచం పిల్ల చెబితే తెలిసింది. ఇంటికి వచ్చాక ఇరవై రోజులు నోరు విప్పలేదు. ఆ ఇరవై రోజులూ స్వరూప పిల్ల గది తలుపు గడియ ఊడదీసి తన బీరువాలో దాచుకుంది. బాత్రూంలోకి వెళితే బయట నిలబడి వంద దాకా లెక్కపెట్టింది. ఇరవై ఒకటోనాడు అంట్లు తోముతూ, ఎవరినీ అడగనట్టు, “గీ సబ్బు నురుగుల గిన్ని రంగులెక్కడియో,” అంది. గడప మీద కూర్చున్న పిల్ల చాలాసేపటికి, “వెలుతుర్ల ఉంటయమ్మా,” అంది. అంతే. ఆనాటి నుంచి స్వరూప అడగడం మానలేదు. తనకు రాదు గనక అడిగేది. పిల్ల చదివి, తెలుగు చేసి చెప్పేది. తల్లి ముఖం చూసి, ఎక్కలేదని తెలిసి ఇంకో రకంగా చెప్పేది. ఆ చెప్పడంలో తన తప్పు తనకే తగిలి, ఆగి, పుస్తకం వెనక్కి తిప్పి వెతుక్కునేది. దీన్ని చదువు చెప్పడం అంటారని స్వరూప ఏనాడూ అనుకోలేదు. బిడ్డకేమీ చెప్పలేక రోజులు దొర్లిస్తున్నానని, బడివాళ్ళను మోసం చేస్తున్నానని అనుకుంది.

ఆ మోసం బయటపడే రోజు రేపే. బడి నడిపే శ్రీదివ్య మేడం కిందటి వారం ఫోను చేసి చెప్పింది. “వచ్చే బుధవారం ఇంటి టీచర్లు స్వయంగా రావాలండీ. ఆ వారం పాఠాల్లో ఒకటి మా ముందు పిల్లలతో కూర్చుని పావుగంట చెప్పాలి. వచ్చే ఏడు సీటు దాన్నిబట్టే.” సుధాకర్ ఏదో వంక చెప్పి తప్పించుకుంటాడని స్వరూప అనుకుంది. ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు.

“ఆడికొచ్చేటోళ్ళంత తుర్కపల్లి కంపెనీల జీతగాళ్ళు. ప్లాట్లు కొనేటోళ్ళు. గిసొంటి మోక మల్ల దొర్కదు. నువ్వు నలభై మంది పిల్లలకు బగార, కుర్మ వండుకరా. మంచిగ కనవడ్తది.”

“పాఠం ఒక్కపారి చూసుకోరాదుండ్రి.”

“తొమ్మిదో తరగతి పాఠం నేను జూసుడేంది?”

“సీటియ్యకపోతే ఎట్ల?”

“ఇయ్యకపోతే హాస్టలున్నది గద.” ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు. గుమ్మంలో నిలబడిన తృప్తి కుడి చెయ్యి మెల్లగా చెవి వెనక్కి వెళ్ళడం స్వరూప చూసింది.

బుధవారం పొద్దున ఎనిమిది కిలోల బియ్యం వండి దించేసరికి నడుము నిలబడనన్నది. కారులో సుధాకర్ ముందు కూర్చున్నాడు, కొత్త తెల్ల చొక్కా, జేబులో వెంచర్ కార్డులు. స్వరూప వెనక సీట్లో తృప్తి పక్కన గంజులు ఒలకకుండా పట్టుకుని కూర్చుంది. బడి గుమ్మంలోనే పూజ ఎదురైంది. ఏదో ల్యాబులో పనిచేసి మానేసిన ఆవిడ, బుధవారాలు పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. “స్వరూపగారూ, మీరు కిచెన్‌లోకి వెళ్ళిపోండి. మీకు అక్కడే హాయి కదా,” అంది నవ్వుతూ. రెండేళ్ళుగా అదే ఏర్పాటు. డిగ్రీలున్న తల్లులు తరగతుల్లో, స్వరూప పళ్ళేల దగ్గర. ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు. అననక్కర్లేకుండానే దారి చూపించారు. హాలులోకి ఆమె వెళ్ళింది ఎప్పుడూ పళ్ళేలు తీయడానికే.

వంటగది తలుపు సందులోంచి హాలు కనిపిస్తుంది. మధ్యలో బల్ల, ఒకవైపు శ్రీదివ్య, ఆవిడ ముందు కాగితాల దొంతర. ఎదురుగా రెండు కుర్చీల్లో సుధాకర్, తృప్తి. చుట్టూ గోడల వెంట తల్లులు, తండ్రులు. సుధాకర్ అప్పటికే పదిమందికి కార్డులు ఇచ్చాడు.

“ఇక్కడ నలభై మందిలో మీ పాప ఒక్కతే, ఎదుటివాళ్ళకు అర్థమయ్యేదాకా వదలకుండా చెబుతుందండీ,” అంది శ్రీదివ్య. “తన తప్పు తనే పట్టుకుంటుంది. ఇంట్లో మీరు ఎలా చెబుతారో చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.”

“నేన్జెప్పుడే మేడం,” అన్నాడు సుధాకర్. “రోజు రెండు గంటలు ముంగట కూసోవెట్టుకుంట.”

స్వరూప చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ పొగిడింది దేన్నో అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక సంతోషం రాలేదు, ఒళ్ళు మండింది. రెండేళ్ళు తాను సిగ్గుపడి దాచుకున్న పనిని ఆయన ఎవరిదో ప్లాటులా తన పేరున రాసుకున్నాడు. చూసిన పాపాన పోలేదు, రాసుకోవడం మాత్రం వచ్చింది.

“సదువు,” అన్నాడు సుధాకర్. తృప్తి పాఠం చదివింది.

“ఇగ చెప్పు.”

“ఏం చెప్పాలె బాపు?”

“సదివిందే చెప్పు. బట్టీ పట్టలేదా?”

పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. అక్కడ ప్రశ్న లేదు. గోడల వైపు చూసింది. “మేకు మునుగుతది,” అంది, ఆగిపోయింది.

“ఎందుకు మునుగుతుందమ్మా?” అంది శ్రీదివ్య, సుధాకర్‌ను చూస్తూ. 

“పుస్తకంల రాసుంది గద మేడం, అందుకే,” అన్నాడాయన. గోడ దగ్గర ఎవరో నవ్వారు. సుధాకర్ మెడ ఎర్రబడింది. నవ్విన వాళ్ళను ఏమీ అనలేక పిల్ల వైపు తిరిగాడు. “గింత చెప్పినా దీని బుర్రకెక్కది. అంత తల్లి పోలిక. నలుగుర్ల ఇజ్జత్ తీసినవ్ గదనే. హాస్టలే కరెక్ట్ నీకు.”

శ్రీదివ్య తల వంచి కాగితం మీద ఏదో రాయడం మొదలుపెట్టింది. తృప్తి చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. వేలికి ఒక వెంట్రుక చుట్టుకుంది, బిగిసింది, ఊడి వచ్చింది. అందరూ తెల్ల చొక్కాను చూస్తున్నారు. ఆ వెంట్రుకను స్వరూప ఒక్కతే చూసింది. రెండోదాన్ని వేలు వెతుక్కుంటోంది.

జైలు గుర్తొచ్చింది. సీటు పోతుందని గుర్తొచ్చింది. ఇంటికి వెళ్ళాక లేచే ఆయన చెయ్యి గుర్తొచ్చింది, నర్సమ్మ నోరు గుర్తొచ్చింది. రెండేళ్ళుగా కాపలా కాసిన భయాలన్నీ ఒక్కసారే మీదికి వచ్చాయి. కానీ తాను అన్నిటికన్నా ఎక్కువ భయపడింది ఇప్పుడు కళ్ళ ముందే, ఆ కుర్చీలోనే జరుగుతోంది. దాని కోసమే కదా మిగతా భయాలన్నీ. గరిటె పక్కన పెట్టి, తడి చేతులతోనే హాలులోకి నడిచింది.

“మేడం, ఆ కాయితాల మీద సంతకాలు నేను జేసినయి,” అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “రెండేండ్లవి, అన్ని నేనే. ఈయన ఒక్కనాడు గూడ పిల్ల ముంగట కూసోలే. నాకు డిగ్రీ లేదు. పదో తరగతి తప్పిన. పిల్లకు నేనేం చెప్పలే, అడిగిన. ఇగ మీరేం రాసుకుంటరో రాసుకోండ్రి.”

శ్రీదివ్య పెన్ను ఆగింది. పూజ గోడ దగ్గర నుంచి ఒకడుగు ముందుకు వచ్చి నిలబడిపోయింది.

“ఏయ్, నీకు దిమాగ్ ఖరాబైందా? లోపటికి వో,” అన్నాడు సుధాకర్, పళ్ళ బిగువున. కుర్చీలోంచి లేవలేదు.

ఖాళీ కుర్చీ లేదు. స్వరూప వెతకలేదు కూడా. చీర కుచ్చిళ్ళు పోగుచేసుకుని బిడ్డ ముందు నేల మీద కూర్చుంది, ఇంట్లో టబ్బు ముందు కూర్చున్నట్టే. భర్త మోకాళ్ళు పక్కనే ఉన్నాయి. అటు చూడలేదు. చెయ్యి చాచి తృప్తి చెవి వెనకున్న వేళ్ళను పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

“నిన్న గంజు తేల్తుండంగ చాయ్‌కి పిలిచిండ్రు,” అంది. “జవాబు ఆడనే ఆగింది. నాకు సమజ్ కాలే బిడ్డా. మల్ల చెప్పు.”