ఎర్ర కయాక్ అతుకు

సబ్బునీళ్ల బ్రష్షును అతుకు పొడవునా నడిపిస్తూ, బుడగ ఎక్కడ లేస్తుందా అని ఇస్తారి కళ్లు చికిలించుకుని చూస్తున్నాడు. గాలి నింపే కయాక్‌లు, రబ్బరు పడవలు కారుతుంటే అతికించడం, దేశం కాని దేశంలో, రుసైల్‌లోని ఆ షెడ్డులో అతని డ్యూటీ. పొట్టి మనిషి. గమ్ము ఎండి ఎండి వేళ్ల చివర్లు పొలుసులు లేచాయి. ఆ వాసన ముక్కుకు తెలియడం మానేసి ఏళ్లయింది.

బుడగ లేచింది. తుడిచి, గమ్ము డబ్బా మూత తీశాడు. అప్పుడు పట్టుకుంది అనుమానం. నిన్న అతికించి, ఇందాక ఇచ్చి పంపిన ఎర్ర కయాక్‌కు గమ్ములో హార్డనర్ కలిపాడా, లేదా?

కలిపే ఉంటాడు. ఇన్నేళ్లుగా కలుపుతూనే ఉన్నాడు కదా! కానీ సీసా మూత తిప్పిన గుర్తు నిన్నటిదా, మొన్నటిదా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. హార్డనర్ లేని గమ్ము నీడలో బుద్ధిగానే ఉంటుంది. ఎండ తగిలిందా, అతుకు అరటితొక్కలా ఊడొస్తుంది. ఆ కయాక్ ఎక్కేది ఇద్దరు చిన్నపిల్లలు. రేపు శుక్రవారం సముద్రానికి పోతున్నామని వాళ్ల నాన్న చెప్పి మరీ పట్టుకెళ్లాడు.

"ఎహసాన్ భాయ్, ఓ లాల్ వాలే మే హార్డనర్ డాలా క్యా మై?"

పక్క బల్ల మీద పనిచేసే బంగ్లాదేశీ ఎహసాన్ తల ఎత్తకుండానే, కలిపే ఉంటావు వదిలెయ్ అన్నాడు. "డాలా హోగా. ఛోడ్ దో." తర్వాత గొంతు తగ్గించాడు. "అర్బాబ్ కో మత్ బోల్నా."

అర్బాబ్‌కు చెప్పొద్దని ఎందుకన్నాడో ఇస్తారికి తెలుసు. పోయిన నెల పంపు ఆపడం మరిచి అన్నానికి వెళ్లిపోతే ఒక పడవ పగిలింది. ఇంకోసారి మరిస్తే ఇంటికేనని యజమాని అర్బాబ్ అప్పుడే చెప్పేశాడు. ఊళ్లో భార్య రాములవ్వకు పొయ్యి వెలిగేది ఈ జీతంతోనే. ఈ వయసులో మళ్లీ వీసా ఎవడిస్తాడు? భయమేసింది, సిగ్గూ వేసింది. పట్టిన పని పట్టినచోటే ఉండిపోయింది.

చివరికి లేచి అర్బాబ్ గదికి నడిచాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరి.

"అర్బాబ్, ముఝే యాద్ నహీ" అన్నాడు తలొంచుకుని. ఆ పైన తెలుగే వచ్చింది. "పిల్లలెక్కుతరు సార్. కలిపిన్నో లేదో నాకు యాదికొస్తలేదు."

అర్బాబ్ ఫోన్ చేసి కయాక్ వెనక్కి తెప్పించాడు. గాలి బిగించి మిట్టమధ్యాహ్నపు ఎండలో పడేశారు. పొద్దు వాలాక అర్బాబే వచ్చి అతుకు అంచును గోరుతో లాగి చూశాడు. ఊడలేదు. హార్డనర్ కలిపే ఉంది.

ఎహసాన్ నవ్వాడు. ఇస్తారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పని సరిగ్గానే చేశాడట, మరి చేసినవాడికే ఎందుకు తెలియలేదు? అర్బాబ్ చెడ్డవాడేం కాదు. ఇస్తారి భుజం మీద చెయ్యి వేసి, "ఖలాస్ ఇస్తారీ, ఘర్ జావో" అన్నాడు, ఇక పని చాలు, ఊరికి పొమ్మని. అతుకు నిలిచింది కదా అని ఎహసాన్ వాదించాడు. అతుకును నేనేమన్నా అన్నానా అంటూ అర్బాబ్ లోపలికి వెళ్లిపోయాడు.

టికెట్ వచ్చేదాకా ఎహసాన్ రూమంతా చాటుతూనే ఉన్నాడు, ఇస్తారి భాయ్ బుర్ర మనందరికంటే గట్టిదని. కంపెనీ వ్యాను హారన్ కొట్టగానే ఇస్తారి ఒక్కొక్కరి చేయీ పట్టుకుని, పాస్‌పోర్టు జేబులో తడుముకుని వెళ్లిపోయాడు.

ఎహసాన్ గేటు దాకా సాగనంపి రూమ్‌కు తిరిగొచ్చాడు. ఖాళీ మంచం మీద పెద్ద అట్టపెట్టె అలాగే ఉంది. నాలుగు పక్కలా బిగించిన తాడు, పైన నల్ల మార్కర్‌తో పెద్ద పెద్ద అక్షరాలు: ఇస్తారి, జగిత్యాల.