శ్రీ చుట్టిన ఓటు

నేను ఒక నీలం బాల్‌పెన్నుని. పిరికిదాన్ని, ముందే చెప్పేస్తున్నా. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, కిరాణా కొట్లో సరుకుల చీటీలు రాసి రాసి సగం అరిగాక, కూరగాయల మార్కెట్ సంఘం ఎన్నికకొచ్చి పడ్డాను. పురికొసతో బల్లకి కట్టేశారు. సంఘాన్నంతా ఎవరో ఒకరి చేతిలో పెట్టేస్తారు గానీ, ఈ మనుషులు పెన్నుని మాత్రం నమ్మి వదలరు!

ఓటు చీటీ మీద అచ్చయిన పేరు ఒక్కటే, అధ్యక్షుడు గవరయ్యది. మళ్లీ గెలిస్తే షెడ్డు బయట నేలమీద ఆకుకూరలమ్మే ఆడవాళ్లని లేపేస్తానని బాహాటంగానే అన్నాడు. వాళ్ల తరఫున నిలబడ్డ పైడితల్లి, నామినేషన్ గడువు దాటాక వచ్చింది. పేరు అచ్చవలేదు. అయితే చీటీ అడుగున ఒక ఖాళీ గీత ఉంది. కావలసినవాళ్ల పేరు అక్కడ రాసి ఓటేయొచ్చు.

తన పేరు రాయడం పైడితల్లి బొగ్గుముక్కతో నేలమీద దిద్దించి అందరికీ నేర్పింది. ఆ పొద్దున కూడా ఒకటే పోరు. "గీత మీద నా పేరు రాయండి, పక్క గడిలో టిక్కు ఎట్టండి. ఇంకేటీ గీకకండి, ఓటు సెల్లదు!"

ఇక నా అవస్థ చూడాలి! ముసలి సన్నాసమ్మ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి చెమటలు కక్కింది. తల్లీ, ఐత్వం మరిచిపోకే అని లోలోపల మొత్తుకున్నాను. ఎలాగో రాసింది, టిక్కు పెట్టింది. అమ్మయ్య.

ఆఖరికి పైడితల్లే వచ్చింది. అందరికీ నేర్పిన మనిషి, ఈమెతో బెంగలేదనుకున్నాను. నన్ను కళ్లకద్దుకుంది. ఏ కాగితం ముట్టుకున్నా ముందు చేసే అలవాటేమో, చీటీ నెత్తిన 'శ్రీ' చుట్టేసింది! అయ్యో, అయ్యో! సిరా బిగబట్టాను, ఆగితేనా? కింద పేరు రాసి, టిక్కు పెట్టి, మడిచి పెట్టెలో వేసి వెళ్లిపోయింది. చేసిందేమిటో ఆమెకే తెలీదు.

సాయంత్రం అదే బల్ల మీద లెక్కపెడితే ఇద్దరికీ సమానం. మిగిలింది ఆ ఒక్క చీటీ.

"అదనపు రాత ఉంది, చెల్లదు," అన్నాడు ఎన్నికల అధికారి. సమానమైతే పాత అధ్యక్షుడే ఉంటాడని సంఘం నిబంధన.

ఆడవాళ్లంతా సన్నాసమ్మ మీద పడ్డారు. "నువ్వేనే ముసిల్దానా, మా నోట్లో మట్టికొట్టినావు!" ఆవిడ గుండెలు బాదుకుంది. తానే రాసిందేమోనని తనకే అనుమానం.

పైడితల్లి వచ్చి ఆ చీటీ చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నోరు మూసుకుంటే చాలు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఏమంటుందోనని నేను చచ్చిపోతున్నాను.

"అత్తనేటీ అనకండి. అది నేనే రాసినాను."

సన్నాసమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. తన గంప చంకనెత్తుకుని, పైడితల్లి గంపకీ చెయ్యేసింది.

"రాయే పిల్లా. రేపు ఎక్కడ కూకోవాలో సూసుకుందాం."