పొడంపేటలో లైట్లు ఆర్పిన సాయంత్రం

బరంపురం కాలేజీలో అనువాదం బోధించే ఉమాదేవి మేడం ఆ రోజు పాఠ్యపుస్తకం తెరవలేదు. ఒడిశా అటవీశాఖ, తెలుగు మాట్లాడే తీరపు ఊరు పొడంపేట కోసం ఒడియాలో వేసిన కరపత్రం అందరికీ పంచింది. ఇసుకలో తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే రోజులు కనుక తీరం వైపు లైట్లు ఆర్పమని అందులో ఉంది.

"తెలుగులోకి మార్చండి. బాగున్నది శనివారం ఆ ఊళ్లో మైకులో చదువుదాం," అంది.

చికిటి నుంచి బస్సులో వచ్చే కీర్తి ఇలా రాసింది: 'తీరప్రాంత కృత్రిమ కాంతిని నియంత్రించి సహకరించగలరు.'

"ఇది మీ అమ్మకి ఫోన్లో చదువు," అంది మేడం.

కీర్తి చదివింది. అవతల నుంచి అమ్మ, "కరెంటు తీసేత్తారేటే?" అంది. క్లాసుతో పాటు కీర్తి కూడా నవ్వేసింది.

తర్వాత సందేహం వచ్చింది. "మేడం, లైట్లు ఎందుకు ఆర్పాలో ఇందులో సరిగ్గా లేదు. కలపొచ్చా?"

"ఊహించి కలపకు. అడిగి తెలుసుకో."

కరపత్రం మీదున్న నంబరుకి ఫోన్ చేసి, అధికారి ఒడియాలో చెప్పింది విని, కీర్తి మళ్లీ రాసింది.

శనివారం మేడంతో పొడంపేట వెళ్లి, ఆటోలో కూర్చుని కీర్తే మైకు పట్టుకుంది.

"అమ్మా, తాబేలు పిల్లలు ఎలుతురు ఎటుంటే అటే ఎల్తాయి. మన లైట్లు సూసి ఊళ్లోకొచ్చి సచ్చిపోతాయి. సీకటిగుంటే సముద్రం మెరుపు సూసుకుని ఎల్లిపోతాయి. పొద్దుగూకాక తీరం వైపు లైట్లు ఆర్పండి."

పొద్దుగూకింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కీర్తికి మనసు చివుక్కుమంది. అంతలో ఇసుక పక్క ఇంట్లో అప్పలనర్సమ్మ అనే ముసలామె స్విచ్ ఆపి, ఎదురింటి వైపు కేకేసింది.

"ఒలే కుమారీ, లైటార్పే! పిల్లలు దారి తప్పిపోతాయంట!"

ఆ ఇల్లు చీకటైంది. దాని పక్కది, ఆ పక్కది. వీధి చివరిదాకా ఆ కేక ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకింది. కీర్తి రాసిన మాటలు ఇప్పుడు ఆమెవి కావు. ఊరివి.

అంతా చీకటయ్యాక కీర్తి, మేడం ఇసుకలోకి నడిచారు. సముద్రం కనిపించింది, సన్నగా మెరుస్తూ. ఇసుక కదిలింది. అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లలు వందలుగా పైకొచ్చాయి. ఒక్క క్షణం తలలెత్తి, అన్నీ నీళ్ల వైపే తిరిగాయి.

"మేడం..." అంది కీర్తి. మేడం పక్కకి జరిగి వాటికి దారిచ్చింది.

ఒక పిల్ల కీర్తి కాలి వేలు తాకుతూ వెళ్లి తడి ఇసుక చేరింది. అల వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది. వెనకాల ఇంకా వస్తూనే ఉన్నాయి. కీర్తి కాలు కదపకుండా నిలబడింది.