మెట్ల కింది కంప్యూటర్

బీరువా గొడవకి అది మూడో రోజు. కింద ల్యాబు, పైన కాపురం ఉన్న ఆ ఇంట్లో ఖాళీ జాగా అంటూ మిగిలింది మెట్ల కింద మూల ఒక్కటే. అక్కడ చిన్నకోడలు పెట్టిన కంప్యూటర్ ఉంది. అత్తగారికి బీరువా అక్కడే కావాలి.

“అదేమన్నా గుడ్లు పొదుగుతూ కూర్చుందా, కదిపితే చితికిపోవడానికి?” అంది అత్తగారు.

“రిపోర్టులు అందుకుంటోంది అత్తయ్యా. కదపొద్దనట్లేదు. నేను దగ్గరున్నప్పుడు కదపండి అంటున్నాను.”

“వైరు పీకి వైరు పెట్టడానికి ముహూర్తం కూడానా?” అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

తోడికోడలు కిసుక్కున నవ్వింది. “పెళ్ళాన్ని తెచ్చుకుంటారనుకుంటే ఇంజనీరు గారిని తెచ్చుకున్నారు మరిదిగారూ. అనుభవించండి.”

చిన్నకోడలు కూడా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వకపోతే అలిగిందంటారు.

కింద ఉన్నది బావగారి రక్తపరీక్షల ల్యాబు. ఒకప్పుడు అక్కడ ఒకరి కాగితం ఇంకొకరికి వెళ్ళిపోతుండేది. చిన్నకోడలు ఉద్యోగం మానేసి ఏడాది కూర్చుని ప్రోగ్రాం రాశాక ఆ బాధ తప్పింది. పరీక్ష యంత్రంలో ఫలితం తేలగానే మెట్ల కింది కంప్యూటర్‌కి వస్తుంది, అక్కడినుంచి ఆసుపత్రికి పోతుంది. దానికామె ఒక సందేశాల లైబ్రరీని, అంటే సందేశాలు చేరవేయడానికి ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కని వాడింది. అందులో ప్రతి యంత్రానికీ ఒక సాకెట్ ఉంటుంది, మాట ఇచ్చిపుచ్చుకునే కిటికీ లాంటిది. కదలకుండా ఉండేది ఒక చిరునామాలో తలుపు తీసుకుని కూర్చోవాలి. మిగతావి ఆ చిరునామాకి వెళ్ళి కలవాలి. ఎవరూ కన్నెత్తి చూడని ఆ మూలకంటే కదలని చోటు ఏముంటుందని, దాని చిరునామానే ల్యాబులోని మూడు పరీక్ష యంత్రాల్లోనూ అంకెలతో రాసిపెట్టింది.

ఆ లైబ్రరీకి ఒక గుణం ఉంది. ఆ చిరునామాలో ఎవరూ లేకపోయినా కలిశాననే అంటుంది. ఇచ్చిన సందేశాల్ని వరసగా పేర్చుకుని, ఎప్పటికైనా ఎవరో వస్తారని ఓపిగ్గా కాచుకుంటుంది. అందిందనీ అనదు, అందలేదనీ అనదు. ఆమెకది తెలుసు. తెలిసి కూడా, ఫలితాన్ని లైబ్రరీ చేతికిచ్చిన మరుక్షణం యంత్రం తెరమీద ‘పంపబడింది’ అని పచ్చ గుర్తు పడేలా రాసింది. అవతల అందిందో లేదో అడగలేదు. మొదట్లో తొందర. తర్వాత అలాగే సాగిపోయింది.

రెండు నెలల కిందట ఒకసారి బావగారితో అంది. “రెండు రోజులు ఆపితే, అందినట్టు జవాబు వచ్చాకే పచ్చ గుర్తు పడేలా మారుస్తాను బావగారూ.”

“పచ్చగా ఉన్నదాన్ని గోకి పుండు చేయడం దేనికమ్మా?” అన్నాడాయన.

ఆమె మళ్ళీ అడగలేదు.

గురువారం పొద్దున ఆమె పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వీధి మలుపు తిరిగిందో లేదో, భర్త కంప్యూటర్‌ని పైగదికి మోసుకెళ్ళి అక్కడి లైనుకి తగిలించాడు. అది బుద్ధిగా వెలిగింది. కానీ పై లైను దానికిచ్చిన చిరునామా వేరు. అది కొత్త చిరునామాలో తలుపు తీసుకుని కూర్చుంది. యంత్రాలు పాత చిరునామాకే పంపుతూ పోయాయి. గుర్తులన్నీ పచ్చగా ఉన్నాయి.

పది గంటలకి ఒక దర్జీ రక్తంలో పొటాషియం గుండెకి ప్రమాదమయ్యేంత పెరిగినట్టు తేలింది. ఆసుపత్రి డాక్టరు రెండుసార్లు ఫోన్ చేశాడు. రిసెప్షన్‌లో అమ్మాయి రెండుసార్లూ యంత్రం దగ్గరికెళ్ళి చూసొచ్చి, “పంపేశాం సార్, మీ దగ్గరే ఎక్కడో ఆగుంటుంది” అంది.

నాలుగింటికి చిన్నకోడలు మొద్దుబారిన దవడతో తిరిగొచ్చింది. మెట్ల కింద బీరువాని చూసింది. చెప్పులతోనే పైకి పరుగెత్తి, కొత్త చిరునామా చూసుకుని, కిందికొచ్చి మూడు యంత్రాల్లోనూ మార్చింది. ఆరు గంటలుగా పేరుకున్న ఫలితాలు ఒక్క నిమిషంలో బిలబిలా వెళ్ళిపోయాయి.

దర్జీ గుండె అప్పటికే ఒకసారి ఆగి, మళ్ళీ కొట్టుకుంది. ప్రాణం దక్కింది. చేతుల్లో వణుకు మాత్రం మిగిలింది. సూదిలోకి దారం ఎక్కించలేకపోతున్నాడట.

పదిరోజులకి, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బావగారు బల్లమీద ఒక ఉత్తరం పెట్టాడు. ఆసుపత్రి సంజాయిషీ అడిగితే ఆయన రాసిన జవాబు అది. “ప్రోగ్రాం రాసిన వ్యక్తి అజాగ్రత్త వల్ల ఈ పొరపాటు జరిగింది. ఆ వ్యక్తిని తప్పించాము” అని రెండే వాక్యాలు.

“నువ్వు సంతకం పెడితే వాళ్ళు సరిపెట్టుకుంటారమ్మా. లేకపోతే ల్యాబు మూతపడుతుంది.”

“కంప్యూటర్ కదిపినట్టు ఇందులో లేదు బావగారూ.”

“కదిపితే ఆగిపోయేది రాయడమెందుకు అసలు?” అంది అత్తగారు. “ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు!”

“గుర్తు పచ్చగా పడేలా రాసింది నేనే అత్తయ్యా. అది నా తప్పే. కాదనను.” ఆమె భర్తవైపు తిరిగింది. “కదిపిందెవరో మీరు చెప్పండి.”

అతను నీళ్ళ గ్లాసుని బల్లమీద అటు జరిపాడు, ఇటు జరిపాడు. “అయిందేదో అయింది. ఇప్పుడు అవన్నీ తవ్వుకోవడం దేనికి? సంతకమేగా.”

పదమూడేళ్ళుగా ఆమె ఈ మనిషికి ఎన్ని చెప్పుకుంది! విన్నాడనే అనుకుంటూ వచ్చింది. ఊఁ కొట్టేవాడు కదా మరి.

“పోనీలే చెల్లీ, ఇంటి గుట్టు,” అంది తోడికోడలు. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు. భయం ఉంది. రేపు ఇంకేదో ఉత్తరం తన ముందుకొస్తుందని కాబోలు.

చిన్నకోడలు కాగితాన్ని మడవలేదు, చింపలేదు. బావగారివైపు మెల్లగా తోసింది. కంచాలు తీస్తున్నప్పటి గొంతుతోనే చెప్పింది.

“సంతకం పెట్టను. రేపు ఉదయం ఆసుపత్రికి వెళ్ళి నా చేత్తో రాసిస్తాను. గుర్తు సంగతి, రెండు రోజులు అడిగితే ఇవ్వని సంగతి, నేను లేనప్పుడు కంప్యూటర్ కదిపిన సంగతి, అన్నీ. అక్కణ్ణించి దర్జీ గారింటికి వెళ్తాను. ఆ తర్వాత ల్యాబులో అడుగు పెట్టను. ఉద్యోగం వెతుక్కుంటాను.”